పాత పడవకు కొత్త అతుకు

పిల్లలూ! మన నెల్లూరు తీరాన మైపాడులో పడవలు చూశారా? వాటి మీద వేటకు వెళ్ళే జాలర్ల దగ్గర ఇప్పుడు సెల్‌ఫోన్లు ఉంటున్నవి. అది ఆండ్రాయిడ్ ఫోనైతే, దాని అడుగున లినక్స్ అనే కెర్నెల్ ఉంటుంది. ఏ ప్రోగ్రాము ఏ పని చెయ్యవచ్చునో నిర్ణయించే పెద్ద అదే. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని రాయటం మొదలుపెట్టాడు.

రెండు మూడు నెలలకొక కొత్త కెర్నెల్ వస్తుంది. కాని యంత్రాలు చాలావరకు పాతవాటితోనే నడుస్తవి. కొత్తదానిలో కొత్త తప్పులూ ఉంటవి గదా!

ఒక వడ్రంగి కొత్త పడవ కడుతూ, ఒక అతుకులోంచి నీరు వస్తున్నదని కనిపెట్టాడనుకోండి. లోగడ అదే మాదిరిగా కట్టిన పడవలన్నిటికీ ఆ లోపం ఉంటుంది. అయితే, కొత్తదానికి కోసిన చెక్క పాతదానికి సరిపోదు. కొలిచి, చెక్కి, బిగించి, నీళ్ళలో దించి చూడాలి. కెర్నెల్‌కు ఇలా చెయ్యటాన్ని బ్యాక్‌పోర్టింగ్ అంటారు. 2005లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, క్రిస్ రైట్ అనేవారు దీనికొక ఏర్పాటు చేశారు. దిద్దుబాటు ముందుగా కొత్త కెర్నెల్‌లో చేరి ఉండాలి. నూరు పంక్తులు మించరాదు. ఈ రెండో నియమం మా వ్యాసరచన తరగతిలో ఉంటే ఎంత బాగుండేది!

ఒక పుస్తకాన్ని ఇద్దరు చదువుకోవటానికి ఒక ప్రతి చాలు. ఒకడు అందులో రాయబోతే, కెర్నెల్ వాడికి వేరే ప్రతి తీసి ఇస్తుంది. ఈ పద్ధతిని కాపీ ఆన్ రైట్ అంటారు. కాని, ప్రతి తీసే క్షణంలో తొందర చేస్తే, రాత అసలు పుస్తకం మీదే పడేది! ఆ కిటుకుతో మామూలు ప్రోగ్రాము యంత్రానికే యజమాని కాగలదు. టోర్వాల్డ్స్ 2005లోనే దాన్ని దిద్దాడు. కాని ఒక రకం ఐ.బి.ఎం. పెద్ద కంప్యూటర్లలో చిక్కు రావటంతో ఆ దిద్దుబాటు తీసెయ్యవలసి వచ్చింది. పదకొండేళ్ళు గడిచినవి. 2016లో ఎవరో దుండగులు ఆ కన్నంలోంచి దూరుతున్నారని ఫిల్ ఓస్టర్ పట్టుకున్నాడు. ఆ తప్పుకు డర్టీ కౌ అని పేరుపెట్టారు. పాపం, ఆవుకు ఇందులో ఏ ప్రమేయమూ లేదు!

అక్టోబరులో టోర్వాల్డ్స్ మళ్ళీ దిద్దాడు. వెంటనే 4.8, 4.7, 4.4 కెర్నెల్‌లకు కూడా ఆ అతుకు పడింది. ఆ తరువాత ఆండ్రాయిడ్ మరమ్మతులలో కూడా అది చేరింది. అయితే, ఫోను చేసిన కంపెనీ పంపితేగాని అది జాలరి చేతికి రాదు. కంపెనీలు పట్టించుకోవటం మానేసిన ఫోన్లకు ఆ అతుకు పడనే లేదు.

మీ ఇంటి ఫోను సెట్టింగులలో సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ ఉంటుంది. నాన్నగారిని అడిగి, అది ఏ నెలదో చూడండి.