తంగేడు గింజ మొలవదా?

అపోహ: తంగేడు నాటితే మొలవదు, గట్ల మీద దానంతటది పుట్టాల్సిందే.

మొలుస్తుంది. గింజలో ప్రాణం ఉంది, పైతొక్కే నీటిని లోపలికి పోనివ్వదు. మన గరువు నేలల్లో ఒక వాన పడి, వెంటనే ఎండలు కాస్తే మొలకలన్నీ మాడిపోతాయి. అందుకే ఈ మొక్క గింజలన్నిటినీ ఒకేసారి మొలవనివ్వదు. కాయ గోధుమరంగుకు తిరిగి, కాగితంలా పలచబడి, ఊపితే గలగలమన్నప్పుడు కోయండి. మరిగిన నీళ్ళు పొయ్యి మీంచి దించి, కాసేపాగి గింజలు వేసి, రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఉబ్బినవి నాటేయొచ్చు. ఉబ్బనివాటిని ఉప్పుకాగితం మీద ఒక పక్క రంగు మారేదాకా రుద్ది మళ్ళీ నానబెట్టాలి. శంఖుపూలకూ ఇదే పద్ధతి. కళింగపట్నం, బారువ తీరాల్లో ఇసుకను పట్టి ఉంచే బాలబంద తీగ గింజదీ ఇదే స్వభావం. సముద్రంలో నెలల తరబడి తేలినా చెక్కుచెదరదు. ఊరి రోడ్ల డివైడర్లకు తంగేడును మించిన మొక్క లేదని నా నమ్మకం. ఒకసారి వేరూనితే నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూడదు.

అపోహ: అడవిపూల విత్తనాలను ముందు ఫ్రిజ్‌లో పెట్టాలి.

అది అమెరికా ప్రెయిరీ మైదానాల పద్ధతి. అక్కడి గింజలు చాలావరకు మంచు కింద చలికాలం గడిపాకే మొలుస్తాయి, ఫ్రిజ్ ఆ చలికి బదులు. మన గింజ రోహిణి ఎండకు కాగి, మృగశిర వానకు లేస్తుంది. దానికి చలితో పనిలేదు.

అపోహ: ఏ గింజైనా దాచుకుని మరుసటేడు నాటుకోవచ్చు.

గునుగు గింజలైతే సరే. నల్లగా నిగనిగలాడే ఆ సన్నగింజలను ఆరబెట్టి దాచి, తొలకరికి మట్టి పైనే చల్లి అరచేత్తో అదిమితే చాలు. లోతుగా పూడిస్తే పైకి రాలేవు. మోదుగ అలా కాదు. వేసవిలో రాలే పలచటి కాయ కొసన ఒక్కటే గింజ, దాని జీవం తొందరగా పోతుంది. ఆ ఏటి వానలకే నాటాలి.

అపోహ: తమంతట తాము పూసేవన్నీ మన మొక్కలే.

వయ్యారిభామ, తలంబ్రాల మొక్క రెండూ అమెరికా ఖండాలవే. వయ్యారిభామ మన దేశంలో 1950ల్లో పుణెలో బయటపడింది. గింజ చూసి మోసపోకుండా, మొక్క పూతలో ఉన్నప్పుడే గుర్తుపెట్టుకోండి. అగ్నిశిఖ ఎర్రగింజలు విషం, వాటిని పిల్లల చేత ఏరించకండి.

ఎక్కడ ఏరినా ఒక్క మొక్కనే దులిపేయకుండా పది మొక్కల నుంచి కాసిన్ని తీసుకుని, మిగతావి నేలకే వదలాలి. లేఅవుటు కోసం జేసీబీ దిగబోతున్న గరువులోనైతే మాత్రం దొరికినన్నీ తెచ్చుకోండి.