గూట్లో పెట్టింది పురుగు, వచ్చింది కందిరీగ!

కందిరీగ ఎక్కడినుంచో ఓ పురుగును తెచ్చి మట్టిగూట్లో పెట్టి ఝుమ్మని రొద చేస్తుందనీ, ఆ రొద వింటూ, భయంతో దాన్నే తలుచుకుంటూ పురుగు కూడా కందిరీగ అయిపోతుందనీ తరతరాల నమ్మకం. భ్రమరకీటక న్యాయం అంటే ఇదే. శంకరాచార్యుల పేరిట ఉన్న వివేకచూడామణిలోనూ ఈ పోలిక కనిపిస్తుంది. ధ్యానం గొప్పతనం చెప్పడానికి అది చక్కని ఉపమానమే. గూట్లో జరిగే కథ మాత్రం వేరు.

చిన్న కుండలా గూడు కట్టే కందిరీగ ముందు ఖాళీ గూట్లో, లోపలి కప్పుకు సన్నని దారంతో ఒక గుడ్డు వేలాడదీస్తుంది. ఆ తర్వాతే వేట. గొంగళిపురుగులను కుట్టి, ఒక్కొక్కటే తెచ్చి లోపల కుక్కి, మూతిని మట్టితో పూడ్చి వెళ్లిపోతుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల ఆ పురుగులను తిని పెరుగుతుంది. రెక్కలొచ్చాక మట్టిని తొలుచుకుని బయటపడుతుంది. గుడ్డు ఎవరి కంటా పడదు కాబట్టే పురుగే రూపం మార్చుకుందన్న నమ్మకం ఇన్నాళ్లు నిలిచింది.

తెచ్చిన పురుగులు చచ్చినవనుకోవడమూ పొరపాటే. కందిరీగ విషం శవాన్ని కుళ్లకుండా కాపాడుతుందని ఒకప్పుడు శాస్త్రవేత్తలే అనుకున్నారు. అవి బతికే ఉంటాయనీ, కదల్లేకపోతాయంతేననీ ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్ర్ మరో రకం కందిరీగను గమనించి 1855లో తేల్చాడు.

మరి రొద? తడిమట్టిని అదిమేటప్పుడు వచ్చే చప్పుడది.

మట్టిగూళ్లన్నీ ఒకే కందిరీగవీ కావు. గోడకు మట్టిముద్దలా అంటుకుని, లోపల వరసగా గదులున్న గూడైతే అది స్కెలిఫ్రాన్ జాతి పని. నలుపు, పసుపు కలిసిన ఒళ్లు, దారంలాంటి నడుము దాని గుర్తులు. అది తెచ్చేది గొంగళిపురుగులను కాదు, సాలీళ్లను.

ఒక్కోసారి అదే గూట్లోంచి నీలం, ఆకుపచ్చ రంగుల్లో తళతళలాడే కీటకం వస్తుంది. అది గూడు కట్టిన తల్లి బిడ్డ కాదు. స్టిల్బమ్ సయనూరమ్ అనే పరాన్నజీవి కందిరీగ. దాని తల్లి మట్టిగోడకు కన్నం చేసి లోపల గుడ్డు పెడుతుంది. ఆ పిల్ల గూటి అసలు వారసుణ్నే తినేస్తుంది.

ఈ కందిరీగలు తేనెటీగల్లా గుంపుగా వెంటపడవు, గూటికి కాపలా కూడా కాయవు. చేత్తో పట్టుకుంటేనో, నలిపితేనో కుడతాయి. అందుకే గూడు కనిపించగానే చీపురందుకోకండి. దానికి గుండ్రటి కన్నం పడేదాకా ఆగితే లోపలి జీవి రెక్కలొచ్చి తన దారిన పోతుంది.