మిద్దె బతకాలంటే

పాత ఇల్లు బాగుచేయించాలని మేస్త్రీని పిలిస్తే ఆయన మొదట అడిగేది సిమెంటు ఎన్ని బస్తాలు తెప్పిస్తారని. పాత మహబూబ్‌నగర్ నుంచి 2016లో విడిపడ్డ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఇంకా నిలబడి ఉన్న మట్టి మిద్దెలకు, రాతిగోడల ఇళ్లకు, పెంకుటి భవంతులకు అసలు ముప్పు ఆ ప్రశ్నలోనే ఉంది. ముసలిదైంది కాబట్టి ఇల్లు కూలుతుందని అనుకుంటాం. వయసు ఒక్కటే ఇంటిని కూల్చదు. ఏటా జరగాల్సిన పని ఆగిపోవాలి, లేదంటే దానికి సరిపడని మరమ్మతు జరగాలి. చాలా ఇళ్లలో ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి జరుగుతున్నాయి. అందుకే పాత ఇంటి అందాన్ని ఎట్లా నిలుపుకోవాలని అడిగేముందు, ఆ ఇల్లు ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవాలి. చెక్కిన దర్వాజా ఒక్కటి ఉంచి చుట్టూ కాంక్రీటు పోసి ఇంటిని కాపాడామనుకుంటే సరిపోదు. ఇంటి గుణమంతా గోడ, కప్పు, గాలి కలిసి చేసే పనిలో ఉంది.

మిద్దె కట్టుబడి చూడటానికి సాదాగా ఉంటుంది. మట్టితోనో, మట్టి అడుసులో పేర్చిన రాళ్లతోనో లేపిన దళసరి గోడలు. వాటిమీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలో బండలో పరిచి, ఆకో గడ్డో కప్పి మట్టి తొక్కుతారు. అన్నిటికంటే పైన చౌడు మట్టి పోస్తారు. పంట పండని ఆ చౌడునే కప్పుకు ఎంచుకోవడం వెనక మంచి లెక్క ఉంది. చౌడులో సోడియం ఎక్కువ. తడి తగలగానే అందులోని సన్నని రేణువులు విడిపోయి పక్క సందుల్లోకి చేరి వాటిని మూసేస్తాయి. అంటే మొదటి వానకే కప్పు తన బెజ్జాలు తాను పూడ్చుకుంటుంది. ఇక గోడల సంగతి. అడుగు మందం మట్టిగోడను దాటి లోపలికి రావడానికి వేడికి దాదాపు పది గంటలు పడుతుంది. మే నెల మధ్యాహ్నపు ఎండ లోపలికి చేరేసరికి రాత్రవుతుంది, అప్పటికి బయట గాలి చల్లబడుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు అదే వేడిని రెండుమూడు గంటల్లో ఇంట్లోకి దింపుతుంది. పైన గవాక్షి, ఇంటి నడుమ ఆకాశం కనిపించే భవంతి ఉంటే వేడిగాలి పైకి పోయే దారి కూడా ఉన్నట్టే.

ఇప్పుడు ఈ గోడకు సిమెంటు పూస్తే ఏమవుతుందో చూద్దాం. మట్టి, సున్నం రెండూ తేమను పీల్చి వదిలే పదార్థాలు. నేలలోని తడి గోడ మొదలు నుంచి పైకి పాకుతుంది, గోడ ముఖం నుంచి ఆవిరై పోతుంది. పాత ఇళ్లకు పునాదిలో తడిని ఆపే పొర ఏదీ ఉండదు, ఆ పనంతా ఈ ఆవిరే చేస్తుంది. బిగువైన సిమెంటు పూత ఆ దారిని మూసేస్తుంది. తడి లోపలే చిక్కుకుంటుంది, పూత వెనక మట్టి మెత్తబడుతుంది, ఉప్పు పేరుకుని పూతను తోసేస్తుంది. బయటికి మాత్రం గోడ నున్నగా, గట్టిగా కనిపిస్తుంది. పెచ్చు ఊడిపడిన రోజున చూస్తే లోపల గోడ మొదలు సగం కరిగి ఉంటుంది. దీనికి తోడు అలంపురం వైపు నల్లరేగడి నేలలు. వానకు ఉబ్బి, ఎండకు బీటలువారే ఆ నేల మీద ఇల్లు ఏటా కాస్త కదులుతూనే ఉంటుంది. మట్టి, సున్నం ఆ కదలికను ఓర్చుకుంటాయి. డంగు సున్నంలో పడ్డ సన్నని పగుళ్లను మళ్లీ అదే సున్నం కొంతవరకు పూడ్చుకుంటుంది. సిమెంటు వంగదు. పగులుతుంది, ఆ పగుల్లోంచి వాననీరు లోపలికి దిగుతుంది, మళ్లీ బయటికి రావడానికి మాత్రం దారి ఉండదు.

ఇది మన ఊళ్ల సంగతే కాదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో రాంచోస్ డి టావోస్ అనే ఊరిలో మట్టి ఇటుకలతో కట్టిన శాన్ ఫ్రాన్సిస్కో డి అసిస్ చర్చి ఉంది. ఏటా మట్టి పూయలేక, శాశ్వతంగా ఉంటుందని 1967లో దానికి సిమెంటు పూత వేయించారు. కొన్నేళ్లకే గోడలు లోపల తడిసి దెబ్బతింటున్నాయని తేలింది. 1979లో ఆ సిమెంటంతా ఒలిచి మళ్లీ మట్టి పూశారు. అప్పటి నుంచి ఏటా ఎండాకాలంలో ఊరివాళ్లు చేరి ఆ గోడలకు మట్టి మెత్తుతున్నారు. సంపన్న దేశంలో, ఇంజినీర్లకు కొదవలేని చోట పన్నెండేళ్లలో నేర్చుకున్న పాఠం ఇది. మనం అదే తప్పును ఇంటికొకసారి చేస్తున్నాం.

మట్టి ఇళ్లను నిలుపుకోవాలనే మాటకు వచ్చే మొదటి అభ్యంతరం బరువైనది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. మట్టి ఇళ్లు మనుషుల ప్రాణాలు తీస్తున్నాయి. 2024 వానాకాలం మొదట్లో నాగర్‌కర్నూల్ దగ్గరి వనపట్లలో రాత్రి నిద్రలో ఉండగా మిద్దె కూలి తల్లి, ముగ్గురు పిల్లలు చనిపోయారు. 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర ఒడ్డున రాజోలి, అలంపురం నీట మునిగి ఎన్నో ఇళ్లు నేలమట్టమయ్యాయి. గోడ మొదలు గంటల తరబడి నీళ్లలో నానే చోట మట్టి ఇల్లు పనికిరాదు. నదికి ఆనుకున్న పల్లంలో దాన్ని నిలబెట్టాలని ఎవరూ వాదించకూడదు. వానకు కప్పు కూలడం మాత్రం వేరే సంగతి. కారుతున్న మిద్దె మీద పాత చౌడు తీయకుండా ఏటేటా కొత్త చౌడు పోస్తూ పోతే బరువు పెరుగుతుంది. పన్నెండు అడుగులకు పదిహేను అడుగుల గది మీద నాలుగంగుళాల మట్టి అదనంగా చేరితే అది దాదాపు మూడు టన్నులు. వానకు నానితే ఇంకా ఎక్కువ. ఆ బరువంతా మోసేది గోడలో గుచ్చిన దూలం చివర. గాలాడక, తడి తగిలి, చెద పట్టి మొదట పుచ్చేది కూడా ఆ చివరే. కిందనుంచి చూస్తే దూలం నడుమ నిక్షేపంగా కనిపిస్తుంది. కూలే ముందు గుర్తులు లేకపోలేదు. దూలం నడుమ కుంగడం, గోడలో దూలం దూరిన చోట మట్టి పొడిగా రాలడం, గోడ బయటికి ఉబ్బడం, తలుపులు పట్టేయడం. ఇవి కనిపించిన ఇంట్లో వానాకాలం ఒక్క రాత్రి కూడా పడుకోకూడదు. మరమ్మతు గురించి మాట్లాడేది ఆ తర్వాతే.

ఇంత భయమెందుకు, మిద్దె విప్పి స్లాబు వేస్తే పోదా అనే మాట తర్వాత వస్తుంది. గోడలు అట్లాగే ఉంచి పైన కాంక్రీటు కప్పు పోయడం ఈ మధ్య చాలా చోట్ల కనిపిస్తోంది. పైన చెప్పిన గది మీదనే అయిదంగుళాల స్లాబు వేస్తే అది అయిదు టన్నులు. దూలాలకు తగ్గట్టు కట్టిన గోడకు ఆ బరువును పంచి మోసే బీములు, స్తంభాలు లేవు. పైగా స్లాబు ఎండకు సాగి, రాత్రికి ముడుచుకుంటూ గోడ తలను ఏరోజుకారోజు కదుపుతుంది. కొత్తకు భద్రత లేదు, పాతకు చల్లదనం లేదు. రెండింట్లోని లోపాలు మాత్రం ఒకే ఇంట్లో చేరతాయి. స్లాబు ఇల్లే కావాలంటే పునాది నుంచి కట్టుకోవడం నిజాయితీ గల పని.

పాత ఇంటిని నిలుపుకోవాలనుకునేవాళ్లకు పనుల వరస ముఖ్యం. మొదట నీళ్లు. ఇంటి చుట్టూ ఏళ్లుగా మట్టి పేరుకుపోయి నేల ఎత్తు పెరిగిన చోట, సిమెంటు రోడ్డు వేసి వీధి ఎత్తు పెరిగిన చోట, వాననీళ్లు గోడ మొదటికే చేరుతుంటాయి. ఆ నీళ్లను పక్కకు మళ్లించడం చవక పని, ఫలితం మాత్రం ఎక్కువ. మిద్దె మీది తూము గోడకు దూరంగా నీళ్లు పోస్తోందో లేదో చూడాలి. తర్వాత కప్పు. పాత మట్టి దించి, దూలాల చివరలు తడిమి చూసి, పుచ్చిన చోట కింద స్తంభం నిలిపి లేదా దూలం మార్చి, అప్పుడు తేలిక పొరగా చౌడు పోయాలి. ఏటా వానలకు ముందు మిద్దె ఎక్కి చూడలేనివాళ్లు గోడల మీద కాక విడిగా నిలిపిన ఇనుప కాళ్ల మీద రేకు కప్పు వేసుకోవచ్చు. అది అందంగా ఉండకపోవచ్చు, కానీ మిద్దెను తడవనివ్వదు, ఎప్పుడైనా తీసేయవచ్చు. మూడోది గోడలు. సిమెంటు పూత ఒలిచేటప్పుడు తొందరపడకుండా కొంచెం కొంచెంగా ఒలిచి, ఎండనిచ్చి, మట్టితో పూడ్చి, పైన సున్నం పూయాలి. ప్లాస్టిక్ రంగులకు బదులు వెల్ల వేయాలి. ఇవయ్యాకే తలుపులు, గూళ్లు, అరుగుల అందం సంగతి. చాలామంది ఈ వరసను తిరగేసి దర్వాజాకు వార్నిష్ తోటి మొదలుపెడతారు.

అట్లాగని ఇంట్లో ఏదీ మార్చకూడదని కాదు. పాత ఇంట్లో ఉండాలంటే చీకటి వంటిల్లు, దొడ్డిలో మరుగుదొడ్డి, వారం వారం పేడతో అలకడం, ఇవన్నీ భరించాలా అని ఆడవాళ్లు అడుగుతారు. అడగాల్సిందే, ఆ చాకిరీ వాళ్లదే కాబట్టి. మట్టినేల మీద సున్నంతో నాపబండలు పరిస్తే ఇంటికి నష్టం లేదు, అలికే పని తప్పుతుంది. నీళ్లు వాడే గదులను మాత్రం మట్టిగోడల నడుమ ఇరికించకూడదు. దొడ్డివైపు విడిగా, సొంత పునాది మీద, ఇటుక సిమెంటులతో కట్టి పాత ఇంటికి కలపాలి. గద్వాల చీరలో ఒంటికి నూలు, అంచుకు పట్టు పెట్టి కుప్పడం నేతతో కలుపుతారు. నూలు పట్టులా కనిపించాలని ఎవరూ చూడరు, రెండూ తమ తమ గుణం పోకుండానే ఒక చీరవుతాయి. పాత ఇంటికి కొత్త గది చేరే తీరు కూడా అదే కావాలి. కరెంటు తీగలను గోడ తవ్వి దాచకుండా పైన పట్టీల మీద నడపవచ్చు. వెలుగు కోసం గోడకు పెద్ద కిటికీ కోయడం కంటే గవాక్షికి అద్దం మూత బిగించడం మేలు.

అన్నదమ్ముల పంపకం పాత ఇంటికి వానకంటే పెద్ద గండం. భవంతి నడుమ గోడ లేస్తే వెలుగు, గాలి రెండు పాళ్లకూ పోతాయి. తర్వాత ఒక పాలు పడగొడితే రెండో పాలు గోడకు ఆసరా పోతుంది. గదులు పంచుకుని, భవంతిని, కప్పును ఉమ్మడిగా ఉంచుకుంటూ మరమ్మతు ఖర్చు పంచుకునేలా కాగితం రాసుకోవడం సాధ్యమే. అది కుదరని ఇల్లు ఎంత మంచి సున్నం పూసినా నిలవదు.

పెద్ద ఇళ్ల విషయంలో ఇంకో మాట వస్తుంది. ఆ గడీలు, ఆ మేడలు ఎవరివి, వాటిని ఎందుకు మోయాలి? వెట్టి చాకిరీ గుర్తున్న తెలంగాణలో ఇది న్యాయమైన ప్రశ్న. అయితే ఆ గోడ కట్టింది ఉప్పరులు, రాయి కొట్టింది వడ్డెరలు, దూలం చెక్కింది వడ్రంగులు. ఇల్లు పడగొడితే మొదట చెరిగిపోయేది వాళ్ల పనితనమే. పడగొట్టకుండానే అధికారాన్ని మార్చిన ఉదాహరణ వనపర్తిలోనే ఉంది. అక్కడి రాజుల భవనంలో 1959 నుంచి ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాలలో సోమభూపాలుడు కట్టించిన మట్టికోట లోపల చెన్నకేశవస్వామి గుడి, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట ఉన్న డిగ్రీ కాలేజీ పనిచేస్తున్నాయి. ఎవరూ వాడని కోట భాగాలు మాత్రం శిథిలమయ్యాయి. కట్టడాన్ని నిలిపేది వాడకం, ఆ వాడకం వెంట వచ్చే నిత్య సంరక్షణ. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను దాని వారసుల కుటుంబమే సొంత ఖర్చుతో సున్నపు పద్ధతిలో బాగుచేయించుకుంటే 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. పద్ధతి తెలిస్తే పని జరుగుతుందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

పాత కట్టడాలను నిలుపుకోవడం ప్రభుత్వానికి కూడా కొత్తేమీ కాదు. శ్రీశైలం జలాశయంలో మునుగుతాయని సోమశిల, జటప్రోలు, కూడవెల్లి గుళ్లను రాయి రాయికి అంకె వేసి విప్పి ఒడ్డుకు తెచ్చి తిరిగి కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరుడు ఇప్పుడు అలంపురంలో ఉన్నాడు. అదే నీళ్లలో మునిగిన ఊళ్ల ఇళ్లకు ఆ భాగ్యం లేదు, ఎందుకంటే మట్టిగోడను విప్పి మోసుకుపోలేం. దాన్ని ఉన్నచోటే కాపాడాలి, లేకపోతే లేదు. తెలంగాణ 2017 వారసత్వ చట్టం గుర్తించిన కట్టడాలకు రక్షణ ఇస్తుంది కానీ మామూలు మిద్దె దాని చూపులో పడదు. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత స్థలం ఉన్నవాళ్లకు అయిదు లక్షలు దశలవారీగా వస్తాయి, కొత్త ఇల్లు కట్టుకోవడానికి. కూలే ఇంట్లో బతుకుతున్నవాళ్లకు అది అవసరమే. కానీ గట్టి గోడలుండి కప్పు మాత్రమే చెడిన ఇంటివాళ్లు కూడా ఆ డబ్బు కోసం మొత్తం ఇల్లు పడగొట్టుకోవాల్సి వస్తే ప్రజాధనానికీ నష్టమే, ఆ కుటుంబానికీ నష్టమే. కప్పు మరమ్మతుకు అందులో కొంత భాగం ఇచ్చే వీలు కల్పిస్తే అదే సొమ్ము ఎక్కువ ఇళ్లకు అందుతుంది.

చివరి అభ్యంతరం, సున్నం పని తెలిసినవాళ్లు ఎక్కడున్నారని. నిజమే, వాళ్లు తగ్గిపోయారు, వాళ్ల కూలి, సున్నం నానడానికి పట్టే రోజులు కలిపితే మొదటి ఖర్చు సిమెంటు కంటే ఎక్కువే కావచ్చు. కానీ సిమెంటు పూత కొన్నేళ్లకు ఊడి మళ్లీ వేయించాల్సి వస్తుందని, గోడకు జరిగే నష్టం ఆ లెక్కలో చేరదని మరవద్దు. పనివాళ్లు పని దొరికితేనే తయారవుతారు. సిమెంటు వాడుక పెరగకముందు కట్టిన భవనంలో కూర్చుని వనపర్తి పాలిటెక్నిక్ పిల్లలు కాంక్రీటు లెక్కలు నేర్చుకుంటున్నారు. ఆ గోడల మీదే వాళ్లకు సున్నం, మట్టి మరమ్మతు కూడా నేర్పిస్తే, చుట్టుపక్కల మూడు జిల్లాల్లో మిద్దె ఎక్కి దూలం చివర తడిమి చూసి, దించాలో నిలపాలో నిజం చెప్పగల మనుషులు కొన్నేళ్లలో తయారవుతారు. పాత ఇంటివాళ్లకు ఇవాళ అన్నిటికంటే ముందు కావాల్సింది ఆ సలహా.