బాటమీది మర్యాద

గోదావరి మండలములవారి నోట "అండీ" అను మాట యెంత సహజమో ఆంధ్రదేశమంతయు నెరుగును. క్రొత్తవాడు దారి యడిగినను, సంతలో బేరమాడినను ఆ మాట లేక వాక్యము ముగియదు. అట్టి సీమలో ఆ మాట యందరికిని సమముగా దక్కని తావొకటి కలదు. అది పోలీసువారు వాహనముల నాపు చోటు.

గడచిన వరికోతల దినములలో ఒక కాలువగట్టు వంతెనయొద్ద మేము కన్నులార చూచినదానిని వ్రాయుచున్నాము. అరువదియేండ్లు పైబడిన కౌలురైతొకడు పాత మోపెడుపై ధాన్యపు బస్తాతో వచ్చుచుండెను. తలపై హెల్మెట్టు లేదు. కానిస్టేబు లొకడు "ఏరా, ఆపు" అని గద్దించి బండి తాళపుచెవి లాగికొనెను. ఆ వెనుకనే ఒక కారు వచ్చెను. దాని యజమాని సీటుబెల్టు పెట్టుకొనలేదు. ఆ కానిస్టేబులే వంగి "కాగితా లున్నాయాండీ" అనెను. యజమాని బదులు చెప్పక, అద్దము సగము దించి, తన ఫోను నందిచ్చి "మాట్లాడు" అనెను. ఆవలి కంఠ మెవరిదో మాకు దెలియదు. కారు కదలిపోయెను. రైతు జరిమానా చీటిని మడిచి రొంటిని దోపుకొనెను.

రైతు తప్పు చేయలేదని మేమనము. జరిమానాకు అతడును కోపింపలేదు. మనుమని యీడువాడు తన్ను "ఏరా" యనుటయే అతని మనస్సును గాయపరచినది.

చట్టమేమి చెప్పుచున్నది? 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 130వ సెక్షను ప్రకారము, యూనిఫారములోనున్న పోలీసు అధికారి కోరినప్పుడు చోదకుడు లైసెన్సు చూపి తీరవలెను. కోరువాడు యూనిఫారములో నుండవలెనన్న షరతు కూడ ఆ వాక్యమునందే యున్నది. 2018లో నిబంధనలు సవరింపబడిన పిదప ఫోనులోని డిజిటలు ప్రతియు చెల్లును. 206వ సెక్షను క్రింద లైసెన్సును స్వాధీనపరచుకొన్నచో రసీదు నీయవలెను. తాళపుచెవి లాగికొనుమని మాత్ర మెచ్చటను వ్రాసి యుండలేదు. 2019 సవరణమున చేరిన 210-బి సెక్షను మరియు విశేషమైనది: చట్టము నమలుజరుపు నధికారియే దాని నతిక్రమించినచో శిక్ష రెట్టింపు. హెల్మెట్టు లేక మోటారుసైకిలుపై తిరుగు జవానులు దీనిని తీరికగా చదువుకొనవచ్చును.

ఈ జిల్లాలలో పోలీసుశాఖకు పునాది 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టము. దొరతనమునకు జవాబు చెప్పుకొను శాఖయే గాని ప్రజలకు చెప్పుకొనునది కాదు. ప్రజ లీ శాఖను అవినీతికరమనియు పీడాకరమనియు తలచుచున్నారని 1902-03 నాటి ఫ్రేజరు కమీషనే యొప్పుకొనెను. ఆ దొరతనము 1947లో పోయినది. "ఏరా" నిలిచినది.

జవాను పక్షమునను చెప్పవలసినది కలదు. రావులపాలెము కూడలిలో వైశాఖపు టెండలో, లారీల పొగలో గంటల తరబడి నిలుచు మనుష్యుడతడు. బ్రేకు వేయని ప్రతి వాహనమును అతని ప్రాణమునకు ముప్పే. నాడు కారు వెడలిన పిదప ఆ కానిస్టేబులు మాతో, "ఏం చెయ్యమంటారండీ, రేపు బదిలీ చేయిస్తారు" అనెను. (ఆ "అండీ" మా తెల్లచొక్కాకు దక్కినది గాబోలు.) నిన్నటి కారులోనివాని యహంకారమునకు నేటి మోపెడువాడు మూల్యము చెల్లించుచున్నాడు. అట్లు ఫోను లందిచ్చువారు పరులు కారు, చదువరులారా, మన యిండ్లవారే.

హెల్మెట్టు నిబంధనను కఠినముగా నమలుజరుపవలెనని రాష్ట్ర హైకోర్టు 2024లో ఆదేశించినది. కావున తనిఖీలు తగ్గవు, తగ్గరాదు. కాని పోలీసులను చూచి కాలువగట్టుపై నొక్కుమ్మడిగా వెనుదిరుగు కుర్రవానికి ఒకవైపు నీరు, ఒకవైపు లారీ. చెట్టుచాటునుండి వెలువడి బండి కడ్డముగా దూకు జవానుకు ఆ ప్రమాదములో పాలు లేదా? దూరమునుండి కనబడునట్లు నిలిచి, చేయి చూపి ఆపి, "మీరు" అని పలికి, ఆపిన కారణమును మొదటనే చెప్పినచో సగము తగవు లేకపోవును.

2027లో గోదావరి పుష్కరములు. కొవ్వూరు, రాజమహేంద్రవరముల నడుమ వంతెనలపై వాహనములు బారులు తీరును. ఆ బందోబస్తునకై జవానులకిచ్చు శిక్షణలో ఒక పూటను, వాహనము నాపి తొలిమాట యెట్లు పలుకవలెనో నేర్పుటకు కేటాయింపవలెనని ఉభయ గోదావరుల పోలీసు అధికారులను కోరుచున్నాము. కారులలో వచ్చు మనవారిని కోరునది, ఆ సమయమున ఫోనును జేబులోనే యుంచుకొనుడని.