స్టీరింగ్ వణుకుతుందంటే సరిపోదు తమ్మీ, ఎప్పుడు వణుకుతుందో చెప్పాలె

పదేండ్ల పాత డిజైరో, ఇండికానో కొనుక్కొని కిరాయికి తిప్పుకునే పోరగాండ్లు ఇయ్యాల మా దిక్కు ఊరికి ఇద్దరు ముగ్గురున్నరు. పెండ్లికి, దవాఖానకు, శ్రీశైలానికి అన్నిటికి ఆ బండే. స్టీరింగ్ వణుకుడు మొదలైతే షెడ్డుకు పోయి "అన్నా, షేకింగ్ వస్తుంది" అని ఒక్క ముక్క చెప్పి చాయ్‌కి పోతరు. వచ్చేసరికి అలైన్‌మెంట్, రెండు కొత్త టైర్లు, బిల్లు తయారు. వణుకుడు మాత్రం అట్లనే ఉంటది.

నేను మెకానిక్‌ను తిడుతలేను. వివరం చెప్పకపోతే ఆయన అంచనా మీదనే పనిచేస్తడు, ఆ అంచనా ఖర్సు మన జేబులకెళ్లి పోతది. అందుకే ముందుగాల ఒక్కటి పట్టుకోవాలె: బ్రేక్ తొక్కకున్నా వణుకుతుందా, తొక్కితేనే వణుకుతుందా?

తొక్కకుండనే 80 దగ్గర మొదలై, ఇంకింత స్పీడైనంక తగ్గితే ఎక్కువసార్లు అది వీల్ బ్యాలెన్సింగ్ తప్పినట్టు. రిమ్ముకు కొట్టిన చిన్న వెయిటు ముక్క ఊడినా చాలు. పొలం బాటల బురద రిమ్ము లోపలి దిక్కు గడ్డకట్టినా గంతే, కాబట్టి పైసలు పెట్టేముందు ఓసారి లోపల కడిగి చూడుండ్రి. అలైన్‌మెంట్ తప్పితే బండి ఓ పక్కకు గుంజుతది, టైరు ఓ అంచు అరుగుతది. వణుకుడుకు దాన్ని పట్టుకుంటే పైసలు దండగ. 30 స్పీడ్‌లనే ఊగితే టైరు ఉబ్బిందా, రిమ్ము వంగిందా చూడాలె. ముంగటి చక్రాలు ఎనకకు మార్చి నడిపితే వణుకుడు స్టీరింగ్‌ల తగ్గి సీటు కిందికి వచ్చిందా, తప్పు చక్రాలదే. టైరు వయసు గూడ దాని మీదనే ఉంటది: 2317 అని ఉంటే 2017ల 23వ వారం తయారైందని అర్థం.

ఇగ బ్రేక్ తొక్కంగనే స్టీరింగ్ దడదడమంటే ముంగటి డిస్క్ ప్లేట్ల మీద అనుమానపడాలె. "డిస్క్ వంగింది" అంటరు గని, ఎక్కువసార్లు ప్లేటు వంగదు. ఒక కాడ మందంగ, ఒక కాడ పల్చగ అరుగుతది. వెంట్రుకల సగమంత తేడా ఉన్నా చేతికి తెలుస్తది. ఎందుకట్ల అరుగుతది? క్యాలిపర్ పిన్నులు గ్రీజు ఎండి జామైతే ప్యాడు ప్లేటును ఇడువదు. ప్లేటు కూసునే హబ్బు మీద తుప్పు ఉన్నా, చక్రం నట్లు ఓ దిక్కు గట్టిగ, ఓ దిక్కు వదులుగ బిగించినా ప్లేటు సక్కగ తిరుగదు. నట్లు ఎదురెదురుగ బిగించాలె, వరుసగ గాదు. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు సెకండ్, థర్డ్ గేర్ల దిగకుండ బ్రేక్ మీదనే కాలు పెడితే ప్లేటు కాగిపోతది. దిగంగనే దాని మీద నీళ్లు కొట్టేటోళ్లను చూస్తే నాకు పానం గిలగిల కొట్టుకుంటది.

ఇవన్ని చూడకుండ ఉత్త ప్యాడ్లు మారిస్తె కొన్ని రోజులకే వణుకుడు మల్ల వస్తది. ప్లేటును లేత్ మీద సాపు చేయించొచ్చు, గని ఎంత పల్చనిదాకా పోవచ్చో ఎక్కువ ప్లేట్ల అంచు మీదనే మిల్లీమీటర్లల కొట్టి ఉంటది. దానికంటె తగ్గితే కొత్తది ఏయాల్సిందే. కొలిచి చూపియ్యమని అడుగుండ్రి, సిగ్గెందుకు?

స్టీరింగ్ నిమ్మలంగుండి సీటు, పెడల్ వణికితే ఎనక డ్రమ్ములు చూపియ్యుండ్రి. ఏబీఎస్ ఉన్న బండ్ల గట్టిగ తొక్కినప్పుడు పెడల్ కాలికింద తన్నుడు మామూలే, దానికి రిపేరు లేదు.

ఒక్కదానికి మాత్రం కిరాయి ఆపాలె. వణుకుడుతోపాటు గుంతల్ల టక్‌టక్ మంటే బాల్ జాయింటో, టై రాడ్ ఎండో వదులై ఉండొచ్చు. జాకీ పెట్టి, కింద గట్టి దిమ్మె సుత ఆపి, చక్రాన్ని పైన కింద పట్టి ఊపుండ్రి, తర్వాత పక్కలు పట్టి ఊపుండ్రి. పైన కింద ఆడితే బేరింగో బాల్ జాయింటో, పక్కలకు ఆడితే టై రాడ్. బాల్ జాయింట్ ఊడితే చక్రం లోపలికి మడుసుకపోతది. గప్పుడు బండిల పెండ్లిపిల్ల ఉందా, పురిటి పేషంటు ఉందా అని రోడ్డు చూడదు.