స్టూడియో మానిటర్లను ఆడియో ఇంటర్‌ఫేస్‌కు కలపడం

పరిచయం

మైకు నుంచి కంప్యూటర్‌లోకి శబ్దం ఎలా చేరుతుందో ఇంతకుముందు తెలుసుకున్నారు. ఈ పాఠంలో అదే శబ్దం కంప్యూటర్ నుంచి మీ చెవికి చేరే దారిని పరిశీలిద్దాం. ఈ దారిలో తప్పు జరిగితే రికార్డింగ్ పాడవదు, కాని రికార్డింగ్ గురించి మీరు వేసుకునే అంచనా తప్పుతుంది. రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది. ఎందుకో ఒక సందర్భం ద్వారా చూడండి.

ఆదిలాబాద్ జిల్లాలో గోండుల వంశగాథలను తరతరాలుగా పాడుతున్నవారు పర్ధానులు. కమానుతో వాయించే కిక్రి, ఊదే పెప్రె వారి వాద్యాలు. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండి భాషలో కార్యక్రమాలు ప్రసారం చేస్తుంది కనుక ఈ ప్రాంతపు విద్యార్థులకు గోండి గొంతు రేడియోలో వినడం కొత్త కాదు. మీరు ఇంద్రవెల్లి వైపు ఒక ఊరికి వెళ్లి, ఒక వృద్ధ గాయకుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, రెండు మైకులున్న రికార్డర్‌తో ఆయన పాటను రికార్డు చేశారనుకుందాం. ఇంటికొచ్చి మానిటర్‌లో వింటే గొంతు ఎక్కడో దూరంగా వినిపించింది, గోడల ప్రతిధ్వని మాత్రం బాగా వినిపించింది. రికార్డింగ్ చెడిపోయిందనుకుని ఈక్వలైజర్‌తో గొంతు పౌనఃపున్యాలను పెంచి, అసలు ఫైలు మీదే సేవ్ చేశారు. నిజానికి రికార్డింగ్ బాగానే ఉంది. లోపం కేబుల్ పెట్టిన చోట ఉంది.

మానిటర్ రకాలు

నేడు దొరికే చిన్న స్టూడియో మానిటర్లలో ఎక్కువ భాగం యాక్టివ్ రకం. అంటే యాంప్లిఫయర్ పెట్టెలోనే ఉంటుంది, కరెంటు తీగ విడిగా వస్తుంది. వీటికి ఇంటర్‌ఫేస్ నుంచి వచ్చే లైన్ స్థాయి సంకేతం చాలు. ఇంట్లోని పాత యాంప్లిఫయర్‌లో స్పీకర్ తీగలు బిగించే చోటు నుంచి యాక్టివ్ మానిటర్‌కు ఎప్పుడూ కలపకండి. ఆ వోల్టేజికి మానిటర్ లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు.

మూడు వాహకాల కేబుల్

ఇంటర్‌ఫేస్ వెనుక సాధారణంగా ఎడమ, కుడి అని రెండు లైన్ అవుట్‌పుట్‌లు ఉంటాయి. ఇవి చాలావరకు 6.35 మిల్లీమీటర్ల జాక్‌లు. వీటిలో పెట్టవలసినది టీఆర్‌ఎస్ కేబుల్. దాని పిన్ను మీద రెండు నల్లటి గీతలు కనిపిస్తాయి. ఒకే గీత ఉంటే అది టీఎస్, గిటార్‌కు వాడే రకం. మానిటర్‌కు ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ మాత్రమే ఉంటే, ఒక వైపు టీఆర్‌ఎస్, మరో వైపు ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న కేబుల్ తీసుకోవాలి.

టీఆర్‌ఎస్‌లో పిన్ను కొన, మధ్య వలయం, కింది గొట్టం వేర్వేరు వాహకాలు. బ్యాలెన్స్‌డ్ పద్ధతిలో సంకేతం కొన మీద మామూలుగానూ, వలయం మీద తలకిందులుగానూ వెళ్తుంది. గొట్టం గ్రౌండ్. దారిలో ట్యూబ్‌లైటు చోక్ నుంచో మిక్సీ నుంచో రొద చేరితే, అది రెండు తీగల మీదా ఒకే విధంగా చేరుతుంది. మానిటర్ ఈ రెండింటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. అందువల్ల ఒకేలా ఉన్న రొద కొట్టుకుపోతుంది, తలకిందులైన సంకేతం మాత్రం రెట్టింపై నిలుస్తుంది.

గొంతు ఎక్కడికి పోయింది?

పై సందర్భానికి జవాబు ఇక్కడే ఉంది. విద్యార్థులు తరచు మొదట ఒక మానిటరే కొంటారు. ఒకటే కదా అని దాన్ని ఇంటర్‌ఫేస్ ముందున్న హెడ్‌ఫోన్ సాకెట్‌కు టీఆర్‌ఎస్ కేబుల్‌తో కలుపుతారు. పిన్ను చక్కగా పడుతుంది, శబ్దమూ వస్తుంది. అయితే హెడ్‌ఫోన్ సాకెట్‌లో కొన మీద ఎడమ సంకేతం, వలయం మీద కుడి సంకేతం ఉంటాయి. మానిటర్‌కు ఆ సంగతి తెలియదు. అలవాటు ప్రకారం ఎడమ నుంచి కుడిని తీసివేస్తుంది. ఎదురుగా కూర్చున్న గాయకుని గొంతు రెండు మైకుల్లోనూ దాదాపు సమానంగా పడింది కనుక అదే కొట్టుకుపోతుంది. పక్కల నుంచి వచ్చిన ప్రతిధ్వని రెండింటిలో వేర్వేరుగా ఉంది కనుక మిగులుతుంది. ఒకే మైకుతో చేసిన మోనో రికార్డింగ్ అయితే దాదాపు ఏమీ వినిపించదు. రొదను తీసేయడానికి పెట్టిన ఏర్పాటే ఇక్కడ పాటను తీసేసింది.

ఒక్క మానిటరే ఉన్నా దాన్ని వెనుక ఉన్న ఎడమ లైన్ అవుట్‌పుట్‌కే కలపండి. సాఫ్ట్‌వేర్‌లో మోనో మీట నొక్కితే రెండు వైపులా కలిసి వినిపిస్తాయి.

స్థాయి, కరెంటు, గుంయ్‌మనే శబ్దం

మానిటర్ వెనుక +4, -10 అనే స్విచ్ ఉంటే గమనించండి. +4 డీబీయూ అంటే సుమారు 1.23 వోల్టులు, -10 డీబీవీ అంటే సుమారు 0.32 వోల్టులు. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌కు సాధారణంగా +4 సరిపోతుంది. కంప్యూటర్ సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌గా ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకోవడం మరవకండి. ముందుగా కంప్యూటర్, ఇంటర్‌ఫేస్, చివరగా మానిటర్లు ఆన్ చేయాలి. ఆపేటప్పుడు మానిటర్లే ముందు. లేకపోతే ‘ధప్’మనే దెబ్బ స్పీకర్లకు తగులుతుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. గ్రౌండ్ రెండు దారుల్లో కలిస్తే 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర గుంయ్‌మనే శబ్దం పుడుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పిన్ను తీసి చూడండి. శబ్దం ఆగితే దారి ఛార్జర్ గుండానే ఉంది. అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడితే చాలాసార్లు తగ్గుతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తే శబ్దం పోతుందని కొందరు చెబుతారు. పోవచ్చు కూడా. కాని షాక్ నుంచి మిమ్మల్ని కాపాడేది ఆ పిన్నే, దాని జోలికి వెళ్లకండి.

రెండు మానిటర్లూ మీ తలా సమభుజ త్రిభుజంలా, ట్వీటర్లు చెవి ఎత్తులో ఉండేలా అమర్చండి. మైకు తెరిచి ఉన్నప్పుడు మానిటర్లు ఆపి హెడ్‌ఫోన్ వాడండి.

అభ్యాసం

ఒక మోనో గొంతును రెండు మానిటర్లలో వినిపించండి. అది సరిగ్గా మధ్య నుంచి వస్తోందా, లేక చోటు తెలియకుండా చెదిరి, మంద్రస్థాయి పలచబడి వినిపిస్తోందా? రెండోది అయితే ఒక కేబుల్‌లో ధ్రువత తారుమారై ఉండవచ్చు. కేబుళ్లను ఒకదాని చోట మరొకటి కాకుండా, ఒక్కదాన్ని మాత్రం కొత్తదానితో మార్చి మళ్లీ వినండి. ఏ కేబుల్ మార్చినప్పుడు గొంతు మధ్యకు వచ్చిందో మీ నోటుపుస్తకంలో రాయండి. ఆ తర్వాతే ఈక్వలైజర్ తెరవండి, అదీ అసలు ఫైలుకు నకలు తీసుకున్నాకే.