చిన్న రంధ్రంలోంచి పెద్ద చికిత్స

పిల్లలూ, పెద్దవాళ్ళు "ఇరవైనాలుగు గంటల నొప్పి" అనడం మీరు వినే ఉంటారు. అది ఎక్కడ పుడుతుందో తెలుసా?

మన పొట్టలో కుడివైపు కింద, పెద్దపేగు మొదలయ్యేచోట, వానపాము లాటి చిన్న గొట్టం ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని పొడవు సుమారు 9 సెంటీమీటర్లు. దాన్ని ఉండుకం అంటారు. డాక్టర్లు అపెండిక్స్ అంటారు. దాని ఒక కొస మూసుకునే ఉంటుంది. రెండో కొసకు ఏదైనా అడ్డుపడితే లోపల సూక్ష్మజీవులు పెరిగి, గొట్టం వాస్తుంది. అశ్రద్ధ చేస్తే అది పగిలి, చీము పొట్ట అంతటా పాకి, ప్రాణానికే ముప్పు రావచ్చు. అందుకే వాచిన ఉండుకాన్ని సాధారణంగా కోసి తీసేస్తారు.

ఈ పని ఈనాటిది కాదు. 1735లో లండన్ నగరంలో క్లాడియస్ అమ్యండ్ అనే వైద్యుడు 11 ఏళ్ళ కుర్రవాడికి శస్త్రచికిత్స చేస్తూ, వాడి ఉండుకంలో గుండుసూది ఉండడం చూసి, ఉండుకాన్ని తొలగించాడు. ఆ రోజుల్లో మత్తుమందు లేదు! అయినా కుర్రవాడు ఓర్చుకుని బతికాడు.

తరవాత మత్తుమందు వచ్చింది. కాని పొట్టను కొన్ని అంగుళాల మేర కోయక తప్పేది కాదు. 1980లో జర్మనీలోని కీల్ నగరంలో కుర్ట్ సెమ్ అనే స్త్రీల వైద్యుడు, పొట్టకు చిన్నచిన్న రంధ్రాలు మాత్రమే చేసి ఉండుకాన్ని తీశాడు. అందరూ ఆయన్ను మెచ్చుకున్నారనుకుంటున్నారా? లేదు! ఆయన్ను వైద్యం చెయ్యనివ్వరాదని అక్కడి శస్త్రవైద్యుల సంఘం అధ్యక్షుడే కోరాడు. ఆయన రాసిన వ్యాసాన్ని ఒక పత్రిక తిప్పి పంపేసింది. సెమ్ వెనక్కు తగ్గలేదు. 1983లో ఆ వ్యాసం మరొక పత్రికలో అచ్చయింది. ఈనాడు ప్రపంచమంతటా ఆ పద్ధతి వాడుతున్నారు.

అది ఎలా చేస్తారంటే, ముందు రోగికి మత్తు ఇస్తారు. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి, బొగ్గుపులుసు వాయువు నింపుతారు. పొట్ట బుడగలాగా ఉబ్బి, లోపల చోటు ఏర్పడుతుంది. ఈ వాయువే ఎందుకు? ఇది మండదు, రక్తంలో కలిసి ఊపిరితో బయటికి పోతుంది. తరవాత దీపమూ, కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని లోపలికి పంపుతారు. లోపలిదంతా తెరమీద పెద్దదిగా కనిపిస్తుంది. మరి రెండు రంధ్రాలలోంచి పొడుగాటి సన్నని పనిముట్లు దూర్చి, ఉండుకాన్ని మొదట్లో ముడివేసి, కత్తిరించి, బయటికి తీస్తారు. గాయం చిన్నది గనక నొప్పి తక్కువ. రోగి త్వరగా లేచి తిరుగుతాడు. ఉండుకం పగిలిపోతే మాత్రం ఒక్కొక్కప్పుడు పాత పద్ధతిలో కోయవలసి వస్తుంది.

అందుచేత ఒక సంగతి గుర్తుంచుకోండి. నొప్పి బొడ్డు చుట్టూ మొదలై, కుడివైపు కిందికి దిగి, ఆకలి పోయి, వాంతి వస్తున్నదా? బడి ఎగ్గొట్టడానికి సాకు అనుకుంటారేమోనని దాచకండి; వెంటనే అమ్మకు చెప్పండి. పెద్దలు కూడా అలాటప్పుడు ఆముదం పట్టించరాదు. దానివల్ల ఉండుకం పగిలే ప్రమాదం ఉన్నది. ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గిరికి తీసుకుపోవాలి.